తువ్వాలు పట్టుకునే మనిషి

ఈ వారం ఎవరి మీదా అరవనని టైలరమ్మ సోమవారం పొద్దున ప్రార్థనలో దేవుడికి గట్టిగా మాట ఇచ్చింది. మోకాళ్ల మీద నుంచి లేచి వంటగదిలోకి వచ్చేసరికి టీ పొంగి పొయ్యంతా పారుతోంది. పక్కనే భర్త నిలబడి స్క్రూడ్రైవరు తుడుచుకుంటున్నాడు.

"ఏమండీ! పక్కనే నిలబడి చోద్యం చూస్తున్నారా? ఆ కళ్లు దేనికిచ్చాడండీ దేవుడు?"

"చూస్తూనే ఉన్నానోయ్. బాగానే పొంగింది," అన్నాడు భర్త.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయి గగ్గోలు పెట్టే జనాన్ని ఇన్నేళ్లుగా బయటికి లాగుతున్న మనిషికి ఇంట్లో అరుపులు ఓ లెక్క కాదు. తాపీగా గుడ్డ తీసుకుని పొయ్యి తుడిచాడు. టైలరమ్మ మాత్రం నాలుక కరుచుకుంది. ఇచ్చిన మాట టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. వారమంతా అప్పుడే పాడైపోయినట్టనిపించి, మిగిలిన టీ కప్పుల్లో పోసింది.

ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా తెలుసు. ఇంటి ముందు గదే ఆమె దుకాణం. పొడుగైన ప్యాంట్లు కురచ చెయ్యడం, బిగుసుకున్న నడుములు వదులు చెయ్యడం, ఊడిన జిప్పులు మార్చడం ఆమె పని. కుట్టు వెంట్రుకవాసి వంకరపోయినా మొత్తం విప్పేసి మళ్లీ మొదలుపెడుతుంది. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కుని నిలబడే మగవాళ్లని "ఊపిరి వదలండి బాబూ, ఇప్పుడు వదలకపోతే రేపు ప్యాంటు వేసుకున్నాక ఆడదు" అని గదమాయిస్తుంది. తిట్లు తిని కూడా జనం ఆమె దగ్గరికే వస్తారు. ఇష్టంలేనివాళ్లు ఇంకో దుకాణానికి పోతారు. ఇంట్లోవాళ్లు ఎక్కడికి పోతారని ఆమె బాధ.

కూతురు తడి జుట్టు దులుపుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. ఆ పిల్ల కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఇంట్లో అందరూ గువ్వ అంటారు. రోజూ వాగుతూనే ఉండే పిల్ల ఆ పొద్దున బ్రెడ్డు ముక్క తుంచుతూ, మళ్లీ పళ్లెంలో పెడుతూ కాసేపు తటపటాయించింది.

"అమ్మా, ఆదివారం నా తువ్వాలు నువ్వే పట్టుకుంటావు కదూ?"

టైలరమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది.

వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం తీసుకున్న మనిషి నీళ్ల తొట్టిలోంచి మెట్లెక్కి వస్తుంటే, తను కోరుకున్న వాళ్లొకరు పెద్ద తువ్వాలుతో ఎదురెళ్లి చుట్టాలి. తర్వాత ఇద్దరూ ముందు వరసలో పక్కపక్కన కూర్చుని, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం కలిసి తీసుకోవాలి. తువ్వాలు పట్టుకోవడమంటే ఊరికే తల తుడవడం కాదు. ఈ పిల్లకి విశ్వాసంలో నేను తోడుంటానని సంఘం ముందు ఒప్పుకోవడం.

"మీ అత్తయ్యని అడగవే," అంది టైలరమ్మ, కప్పు కడగడానికి అటు తిరిగి.

"అత్తయ్య ఎందుకు?"

"ఆవిడ నిదానస్తురాలు. మెట్ల మీద జారకుండా పట్టుకుంటుంది. నాకు మోకాళ్ల నొప్పి."

"మొన్న బస్సు వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తావు!"

"అందుకే నొప్పి."

గువ్వ నవ్వలేదు. మొహం చిన్నబుచ్చుకుని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. కట్టిపెట్టిన అన్నం డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. భర్త ఆ డబ్బా వైపు, భార్య వీపు వైపు చూసి, తన కప్పు కూడా తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

* * *

ఆ వారం టైలరమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మిషను ముందు కూర్చునేది, పెడలు మీద కాలు పెట్టేది, అంతలోనే లేచి శుభ్రంగా ఉన్న బల్లనే తుడిచేది. గువ్వ కోసం కుడుతున్న తెల్లగౌను మెడ దగ్గర అప్పటికి చాలాసార్లు విప్పింది. విప్పిన ప్రతిసారీ బట్టలో సూది బెజ్జాలు మిగిలేవి. వాటిని గోటితో నొక్కి నొక్కి కనపడకుండా చెయ్యాలని చూసేది.

ఆమె రహస్యం ఇంట్లో ఎవరికీ తెలియదు. నెలలో మొదటి ఆదివారం చర్చిలో బల్ల ఇస్తారు. సరిగ్గా ఆ ఆదివారమే పసిపిల్లల గది చూసుకునే పని టైలరమ్మ అడిగి మరీ తీసుకుంది. ఆ గదికీ మందిరానికీ మధ్య అద్దం ఉంటుంది. ఒళ్లో ఎవరి బిడ్డనో జోకొడుతూ, రొట్టె పళ్లెం వరస నుంచి వరసకి చేతులు మారడం ఆమె అద్దంలోంచి చూస్తుంది. పాపం, తల్లులందరికీ వీలు కల్పించి తను త్యాగం చేస్తోందని సంఘమంతా మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు వింటే ఆమెకి ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది.

గువ్వ బడిలో చదివే రోజుల్లో మొదలైంది ఇది. అదీ బల్ల ఇచ్చే ఆదివారమే. చర్చికి ఆలస్యమవుతోంది, పిల్ల జడ వేయించుకోకుండా గునుస్తోంది. టైలరమ్మ చేతిలో ఉన్న కొయ్య దువ్వెన విసిరింది. విసరాలని అనుకోలేదు, విసిరేసింది. అది పిల్ల కనుబొమ్మకి తగిలి చర్మం చిట్లింది. ఓ ప్లాస్టరు అంటించి, కళ్లు తుడిచి, చర్చికి లాక్కెళ్లింది. పళ్లెం తన దాకా వచ్చినప్పుడు పక్కన కూర్చున్న పిల్ల మొహం మీది ప్లాస్టరు కనపడింది. రొట్టె ముట్టుకోలేకపోయింది. పళ్లెం పక్కవాళ్లకి అందించేసింది.

ముందు నేను బాగుపడతాను, బాగుపడ్డాక తీసుకుంటాను అనుకుంది. నెలనెలా అనుకుంది. ఏ నెలా మొదటి ఆదివారం దాకా అరవకుండా ఉండలేకపోయింది. మళ్లీ ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు, ఏదీ విసరలేదు, కానీ నోరు మాత్రం ఆగలేదు. ఇప్పుడు తువ్వాలు పట్టుకుంటే ముందు వరసలో కూర్చోవాలి, అందరి ముందూ రొట్టె తీసుకోవాలి. తీసుకోకపోతే గుట్టు రట్టవుతుంది, తీసుకుంటే దేవుడి ఎదుటే దొంగనవుతాను అనుకుని ఆమె ఎటూ తేల్చుకోలేక నలిగిపోయింది.

గురువారం ఆడపడుచు వచ్చింది. భర్తకి అక్క. గట్టిగా మాట్లాడటం ఎవరూ విననంత మెత్తని మనిషి కాబట్టి బంధువులంతా ఆవిడని వెన్నపూస అంటారు. కుర్చీ మీది బట్టలు మెల్లగా పక్కకి జరిపి కూర్చుంది.

"నిన్న గువ్వ మా ఇంటికొచ్చిందమ్మాయ్."

"తువ్వాలు సంగతేనా వదినా? మీరే పట్టుకోండి. మీరైతే బాగుంటుంది."

"ఆ సంగతి అడగలేదు. సోఫాలో కూర్చుని ఏడ్చింది. అమ్మకి నేను బాప్తిస్మం తీసుకోవడం ఇష్టం లేదా అత్తయ్యా అని అడిగింది. నేనేం చెప్పాలి?"

టైలరమ్మ చేతిలోని గుండుసూది వేలిలో దిగింది. "నాకిష్టం లేకపోవడమేంటి? రాత్రనకా పగలనకా ఆ గౌను పట్టుకు వేలాడుతున్నది ఎవరు? అందరూ వచ్చి నన్ను నిలదీసేవాళ్లే! మీకేం, నోరు తెరిస్తే తేనె కారుతుంది మీకు. నాలాంటి దాని బాధ మీకేం తెలుస్తుంది!"

వెన్నపూస మొహంలో రంగు మారలేదు. లేచి చెప్పులేసుకుంది.

"తేనె కారకపోతే మీ అన్నయ్య... అంటే మా ఆయన... ఇంటికి రారు. అందుకని లోపలే తిట్టుకుంటాను," అంది చాలా మామూలుగా. "నన్నడిగినా నేను తువ్వాలు పట్టుకోనమ్మాయ్. అది నీ చోటు. నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను."

ఆవిడ వెళ్లిపోయాక టైలరమ్మ వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఎవరి మీదా అరవకూడని వారంలో అరవడానికి ఎవరూ దొరకనట్టు వెన్నపూస మీద అరిచింది.

* * *

శనివారం మధ్యాహ్నం గువ్వ షాపు నుంచి తొందరగా వచ్చింది. తల్లి ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించిన తెల్లగౌను తీసి, మడతపెట్టి మిషను మీద ఉంచింది.

"అమ్మా, రేపు నేను తీసుకోవడం లేదు. పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్తాను."

"ఏమన్నావ్?"

"నువ్వు లేకుండా నేను ఆ మెట్లెక్కను. నీకు వీలైనప్పుడే తీసుకుంటాను."

టైలరమ్మ ఒంటికాలి మీద లేచింది. "నాటకాలాడుతున్నావా? సంఘమంతా ఎదురుచూస్తుంటే? తువ్వాలు ఎవరు పట్టుకుంటే ఏమిటే నీకు? బాప్తిస్మం నీదా, నాదా? బుద్ధుందా అసలు?"

"బుద్ధి లేదు! నీ కూతుర్ని కదా!" గువ్వ గొంతు కూడా అంతే ఎత్తుకి లేచింది. "గౌను కుట్టమంటే పదిసార్లు విప్పి కుడతావు. తువ్వాలు పట్టుకోమంటే మాత్రం మొహం చాటేస్తావు. నేనంటే సిగ్గా నీకు? చెప్పు!"

లోపలి గదిలో సామాన్ల పెట్టె సర్దుకుంటున్న భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వంటే సిగ్గేంటే పిచ్చిదానా! నేనంటేనే సిగ్గు నాకు! నాకా అర్హత లేదు. నేను బల్లలో పాలుపంచుకుని ఎన్నేళ్లయిందో తెలుసా నీకు?"

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకే తెలియలేదు. గువ్వ మొహంలో కోపం మెల్లగా దిగి, దాని చోట లెక్క సరిచూసుకుంటున్నట్టు ఇంకేదో వచ్చింది.

"పిల్లల గది..." అంది గువ్వ. "ప్రతి మొదటి ఆదివారం... అందుకేనా?"

టైలరమ్మ మిషను బల్ల మీదికి ఒరిగిపోయింది. దువ్వెన సంగతి చెప్పింది. పళ్లెం పక్కకి అందించేసిన సంగతి చెప్పింది. నెలనెలా పెట్టుకున్న నియమాలు, నెలనెలా తప్పిన మాటలు, అద్దం వెనక కూర్చున్న ఆదివారాలు అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. "నీకు గుర్తుందో లేదో ఆ పొద్దున," అంది చివరికి.

మరిచిపోయానమ్మా అంటుందేమోనని ఆ తల్లి మనసు ఆశపడింది. గువ్వ అలా అనలేదు.

"గుర్తుంది. ఇప్పటికీ నువ్వు పైనున్న డబ్బా కోసం చెయ్యెత్తినా నా తల దానంతటదే పక్కకి పోతుంది."

ఆ మాట నేరుగా గుండెలో దిగింది. టైలరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంత తెలిసీ... తెలిసి తెలిసి నన్నే ఎందుకడిగావే?"

గువ్వ నేల మీద, తల్లి కుర్చీ పక్కనే కూలబడింది.

"నాకూ నీ కోపమే వచ్చిందమ్మా. పోయిన వారం షాపుకి ఓ ముసలాయన వచ్చాడు. ఫ్రేములన్నీ పెట్టుకు చూస్తాడు, మళ్లీ తీసేస్తాడు. చేతులు వణుకుతున్నాయి ఆయనకి. వెనక జనం ఆగారని నేను అందరి ముందూ కసిరేశాను. ఆయన ఏమీ అనలేదు. ఉన్న పాత జోడే పెట్టుకుని వెళ్లిపోయాడు. నా నోట్లోంచి అచ్చు నీ గొంతే వచ్చింది." గువ్వ మొహం తుడుచుకుంది. "ప్రభువు నన్ను ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడని పాస్టరుగారికి చెప్పాను. నమ్మే చెప్పాను. ఇప్పుడు నువ్వేమో, బాగుపడితే గానీ రానివ్వడంటున్నావు. నీకే చోటు లేకపోతే నాకెక్కడుంటుందమ్మా?"

టైలరమ్మ భర్త వైపు చూసింది. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి గుమ్మం పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆమె లేచి, చెప్పులు వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా బయటికి నడిచింది.

* * *

ఎక్కడికని అనుకోకపోయినా కాళ్లు చర్చికే తీసుకుపోయాయి. సాయంత్రపు ఎండ కిటికీల్లోంచి బెంచీల మీద పడుతోంది. ముందు భాగంలో పాస్టరుగారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బాప్తిస్మం తొట్టిలోకి రబ్బరు గొట్టంతో నీళ్లు పడుతున్నారు. తొట్టి అడుగున ఎక్కడో కారుతున్నట్టుంది, నేలంతా తడి.

"ఈ గొట్టం కాస్త పట్టుకోండమ్మా, జారిపోతోంది," అన్నారు ఆమెని చూడగానే, ఎందుకొచ్చిందని కూడా అడక్కుండా.

టైలరమ్మ గొట్టం పట్టుకుంది. నీళ్ల వైపే చూస్తూ అంతా చెప్పేసింది. పాస్టరుగారు గుడ్డతో నేల వత్తుతూ విన్నారు. విని గొంతు సవరించుకున్నారు.

"చూడండమ్మా, మీ దుకాణానికి చిరిగిన బట్టలే కదా వచ్చేది..."

"ఉపమానాలు రేపటికి ఉంచుకోండి అయ్యగారూ. నేను బల్లకి రావచ్చా, రాకూడదా?"

పాస్టరుగారు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. గుడ్డ పక్కన పెట్టి తొట్టి అంచు మీద కూర్చున్నారు.

"మీరొచ్చే ముందే ప్లంబరు మీద అరిచాను. పాపం, తప్పు అతనిది కూడా కాదు, తొట్టే పాతది. ఇంటికెళ్లే లోపల ఫోన్ చేసి క్షమించమని అడగాలి. రేపు రొట్టె విరవాల్సింది నేనేనమ్మా. నా కోపమంతా పోయాకే విరుస్తానని కూర్చుంటే ఈ సంఘంలో ఎప్పటికీ ఎవరికీ బల్ల ఉండదు."

"అంటే, కోపం ఉన్నా ఫర్వాలేదంటారా?"

"ఆ మాట అనను. పిల్ల మీద దువ్వెన విసరడం తప్పే. అమ్మాయిని క్షమించమని అడిగారా మీరు?"

టైలరమ్మ నీళ్లు నమిలింది. ఆ దువ్వెన తర్వాత పిల్లకి ఎన్ని గౌన్లు కుట్టిందో లెక్క లేదు. అడిగినవీ, అడగనివీ అన్నీ కొనిపెట్టింది. ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. తల్లి కూతుర్ని క్షమాపణ అడగడం ఆమె ఎక్కడా చూడలేదు కూడా.

"అది అడగండి. అది మీరు చేయాల్సిన పని," అన్నారు పాస్టరుగారు. "మిమ్మల్ని అర్హురాల్ని చెయ్యడం ప్రభువు పని, ఆయన ప్రాణం పెట్టి మరీ చేశాడు. ఇన్నాళ్లూ మీరు మీ పని వదిలేసి ఆయన పని చెయ్యబోయారు. అందుకే అలిసిపోయారు."

టైలరమ్మ గొట్టం ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నేను తీసుకోవడం లేదని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

పాస్టరుగారు ఇబ్బందిగా మెడ గోక్కున్నారు. "అరుస్తారేమోనని భయపడ్డానమ్మా. అది నా తప్పే."

* * *

ఇంటికొచ్చేసరికి గువ్వ మిషను పక్కన నేల మీదే కూర్చుని ఉంది. టైలరమ్మ చెప్పులు విడిచి, కూతురి ఎదురుగా కూర్చుంది. వచ్చే దారిలో ఎన్నో మాటలు కూడబలుక్కుంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"తప్పయిపోయిందే గువ్వా. ఆ పొద్దున నేను చేసింది తప్పు. నువ్వు గునిశావని కాదు, ఆలస్యమైందని కాదు. తప్పు నాదే. నన్ను క్షమించు."

గువ్వ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి చిన్నపిల్లలా ఏడ్చింది. లోపలి గదిలో లిఫ్టు మెకానిక్ గట్టిగా ముక్కు చీదుకోవడం ఇద్దరికీ వినపడింది.

"రేపు పట్టుకుంటావా మరి?" అంది గువ్వ ఎక్కిళ్ల మధ్య.

"రేపు పొద్దున చర్చికెళ్లేదాకా ఎవరి మీదా అరవకుండా ఉంటే పట్టుకుంటాను."

గువ్వ ఆ మాటకి వెనక్కి జరిగి తల్లి మొహంలోకి చూసింది. "అరిస్తే?"

టైలరమ్మ లేచి, తెల్లగౌను మళ్లీ కొక్కేనికి తగిలించింది.

ఆదివారం పొద్దున ఆమె పెదాలు బిగించుకుని లేచింది. బాత్రూములో కుళాయి ఎవరో కట్టకుండా వదిలేశారు. తనే కట్టింది, ఏమీ అనలేదు. భర్త షర్టు గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. దగ్గరికెళ్లి మౌనంగా సరిచేసింది. ఆయన బిక్కచచ్చిపోయి "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. దారంతా ఊపిరి బిగపట్టుకునే నడిచింది. చర్చి గేటు దగ్గర, తువ్వాలు తీద్దామని భర్త చేతిలోని సంచి తెరిచింది.

అందులో ఎవరివో ప్యాంట్లు ఉన్నాయి. కురచ చెయ్యడానికి వచ్చినవి. తువ్వాలు పెట్టిన సంచి ఇంట్లో ఉండిపోయింది.

"మీ బుర్రలో ఏముందండీ? మట్టా? రెండు సంచులు పక్కపక్కన పెడితే చూసి తీసుకోలేరా? అన్నీ నేనే చూసుకోవాలా? ఈ ఒక్క రోజు... ఈ ఒక్క రోజు కూడా...!"

ఆవరణలో నిలబడినవాళ్లంతా అటు తిరిగారు. భర్త మారు మాట్లాడకుండా వెనక్కి, ఇంటి వైపు పరుగు తీశాడు. టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గేటు దాకా వచ్చిందే, గేటు దాకా! గువ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "రా అమ్మా, టైమవుతోంది," అంది. టైలరమ్మ చెయ్యి విడిపించుకుని, తల దించుకుని, పక్క గుమ్మంలోంచి పసిపిల్లల గదిలోకి వెళ్లిపోయింది.

గదిలో అప్పుడే ఇద్దరు చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వాళ్లని చూసుకోవడానికి ఉన్న అమ్మాయి ఒకరిని ఎత్తుకుంటే, టైలరమ్మ రెండోవాడిని భుజాన వేసుకుంది. అద్దం అవతల పాటలయ్యాయి, పాస్టరుగారి ప్రసంగమయింది. పెదాలు కదలడమే తప్ప మాట ఒక్కటీ ఇవతలికి రాదు. తెల్లగౌనులో గువ్వ మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లింది. పాస్టరుగారు ఏదో అడిగారు, గువ్వ తల ఊపి ఏదో చెప్పింది. ఆయన ఆమె వీపు కింద చెయ్యి పెట్టి వెనక్కి వంచారు. నీళ్లు మొహం మీంచి మూసుకున్నాయి. మళ్లీ పైకి లేచింది. టైలరమ్మ భుజం మీది పిల్లాడు ఉలిక్కిపడేంత గట్టిగా ఊపిరి పీల్చింది.

ఇప్పుడు మెట్లెక్కాలి. గువ్వ ఎక్కలేదు. నడుము లోతు నీళ్లలో నిలబడి, అద్దం వైపు చూస్తోంది. మెట్ల పైన ఎవరూ లేరు. పాస్టరుగారు సంఘం వైపు చూశారు. ముందు వరసలో వెన్నపూస చెప్పినట్టే చేతులు కట్టుకుని, కదలకుండా కూర్చుంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి పిల్లకి. భుజాలు వణుకుతున్నాయి. పళ్లు కొట్టుకుంటున్నట్టు అద్దంలోంచే కనపడుతోంది.

టైలరమ్మ ఆ క్షణంలో అర్హత గురించి ఆలోచించలేదు. ఆలోచించే తీరిక లేకపోయింది. భుజం మీది పిల్లాడిని ఆ అమ్మాయికి అందించి, ఉయ్యాలలో ఉన్న బాతుబొమ్మల దుప్పటి లాక్కుని, తలుపు తోసుకుని మందిరంలోకి దూసుకొచ్చింది.

"ఎక్కవే పైకి! మొద్దులా నిలబడ్డావేం? జలుబు చేస్తుంది!"

అంత నిశ్శబ్దంలో ఆ గొంతు పైకప్పుకి తగిలి తిరిగొచ్చింది. సంఘమంతా ఓ క్షణం బిగుసుకుపోయింది. ఎవరో ఫక్కున నవ్వారు. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక నీళ్లలోనే అటు తిరిగారు. గువ్వ మాత్రం ఏడుస్తూ, నవ్వుతూ మెట్లెక్కి వచ్చింది. బాతుబొమ్మల దుప్పటి ఆమె భుజాలకి కూడా చాలలేదు. టైలరమ్మ దాన్ని ఇటు లాగి, అటు లాగి, చివరికి తన రెండు చేతులూ దాని మీంచి చుట్టేసింది. ముందు గుమ్మంలో భర్త రొప్పుతూ పెద్ద తువ్వాలు పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు.

"గేటు దగ్గర అరిచానే," అంది టైలరమ్మ కూతురి చెవిలో.

"విన్నాను. వీధి చివరిదాకా విని ఉంటారు."

"ఇక్కడా అరిచాను."

"అవునమ్మా. పద, కూర్చుందాం."

తడిసిన బట్టలు మార్చుకుని గువ్వ వచ్చేదాకా టైలరమ్మ ముందు వరసలో పక్కన చోటు ఉంచి కూర్చుంది. కాళ్లు ఊపకుండా ఉండలేకపోయింది. రెండుసార్లు లేవబోయింది. వెన్నపూస దగ్గరికి జరిగి, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. గువ్వ వచ్చి ఇవతల పక్కన కూర్చుంది. పాస్టరుగారు రొట్టె విరిచారు. పళ్లెం బయల్దేరింది.

పళ్లెం ఒళ్లోకి రాగానే ఆమె చేతులు అలవాటుగా పక్కకి అందించబోయాయి. గువ్వ అందుకోలేదు. తల్లి మొహంలోకీ చూడలేదు. తన వంతు కోసం చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగింది.

టైలరమ్మ కళ్లు మూసుకుంది. ప్రభువా, ఈ పొద్దున కూడా అరిచాను, అనుకుంది. రేపు కూడా అరుస్తానేమో. అరిస్తే మళ్లీ క్షమించమని అడుగుతాను. ఇచ్చిన మాట ఒక్కటీ నిలబెట్టుకోలేదు, ఇంక కొత్త మాటలేవీ ఇవ్వను. కానీ చాలా ఏళ్లుగా ఆకలిగా ఉంది.

కళ్లు తెరిచి ఒక ముక్క తీసుకుంది. పళ్లెం కూతురికి అందించింది. ముక్క గోరంత కూడా లేదు. కన్నీళ్లతో కలిసి గొంతు దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది, గువ్వ తన ముక్క చేతిలో పట్టుకుని అంతసేపూ ఆగింది.